పాఠం చెప్పే తీరు మారితే గదీ మారగలిగేలా: కర్నూలు, అనంతపురం, కడపల్లో బడి కట్టేవాళ్లకు సమగ్ర మార్గదర్శి

గట్టిగా కట్టిన బడి యాభై ఏళ్లు నిలుస్తుంది. ఆ యాభై ఏళ్లూ పాఠం చెప్పే పద్ధతి ఒకేలా ఉండదు. 1987లో ఆపరేషన్ బ్లాక్‌బోర్డ్ వచ్చినప్పుడు ప్రాథమిక పాఠశాలకు రెండు గదులు, ఒక వరండా, ఇద్దరు టీచర్లు ఉంటే చాలనుకున్నారు. 2009 విద్యాహక్కు చట్టం టీచరుకొక గది ఉండాలంది. 2019 నవంబర్ 14న మొదలైన ‘మన బడి నాడు-నేడు’తో మరమ్మతులు, మరుగుదొడ్లు, బల్లలు వచ్చాయి. ఆ వెనకే ఐఎఫ్‌పీ ప్యానెళ్లు, అంటే తాకితే పనిచేసే పెద్ద డిజిటల్ తెరలు, గోడెక్కాయి. 2020 జాతీయ విద్యా విధానం 10+2 స్థానంలో 5+3+3+4 తెచ్చింది, చేసి నేర్చుకోవడం మీద పట్టు పెంచింది. 2022లో చాలా ఊళ్లలో 3, 4, 5 తరగతుల పిల్లలను దగ్గర్లోని హైస్కూళ్లకు పంపారు. 2025లో ఆ విధానాన్ని మళ్లీ మార్చారు. ఒక బడిలో గదులు చాలక చెట్టు కింద కూర్చోబెడితే, పక్క ఊరి బడిలో గదులకు తాళాలు పడ్డాయి.

ఇన్ని మారినా మనం కట్టే గది మారలేదు. ఇరవై అడుగుల వెడల్పు, ఇరవై నాలుగు అడుగుల పొడవు, ముందు ఒక బోర్డు, దానికి ఎదురుగా వరుసలు. రేపు ఏ పద్ధతి వస్తుందో ఎవరూ చెప్పలేరు కాబట్టి ఏదో ఒక పద్ధతికి సరిపడేలా కట్టడంలో అర్థం లేదు. కదలకూడనివి ఏవో ముందే తేల్చుకుని వాటిని సరైన చోట పెట్టాలి. పిల్లర్లు, బీములు, మెట్లు, మరుగుదొడ్లు, నీళ్ల పైపులు కదలవు. మధ్య గోడలు, బోర్డులు, వైర్లు, బల్లలు, బీరువాలు కదలగలగాలి. ఈ రెండు జాబితాలను కలిపేయడం వల్లే మన బడులు బిగుసుకుపోతున్నాయి. తల్లిదండ్రుల కమిటీలు, సర్పంచులు, హెచ్ఎంలు, ప్రైవేటు బడులు నడిపేవాళ్లు, ఊళ్లో బేల్దారి మేస్త్రీలు అందరికీ పనికొచ్చేలా ఏ పని తర్వాత ఏది చేయాలో వరుసగా రాస్తున్నాను.

1. ప్లాన్ గీయించే ముందు బడిలో ఒక రోజు ఎలా గడుస్తుందో రాయండి

ఇంజినీరు దగ్గరికి వెళ్లి ‘నాలుగు గదులు కావాలి’ అనకండి. ముందు టీచర్లతో కూర్చుని, గదిలో పిల్లలు ఏమేం చేస్తారో రాయించండి. అందరూ ఒకేసారి వినడం, ఐదారుగురు గుండ్రంగా కూర్చుని లెక్క తేల్చడం, ఒంటరిగా చదువుకోవడం, తెర మీద చూడటం, సైన్స్ ప్రయోగం, బొమ్మలు అతికించడం, నాటకం, పరీక్ష, భోజనం, తల్లిదండ్రుల మీటింగు అన్నీ అందులోకి రావాలి. ఎన్నికలప్పుడు పోలింగ్ కేంద్రమూ మన బడే కదా, దాన్నీ రాయండి. ఒక్కోదాని ఎదురుగా ఎంతమంది, నేల మీదా బల్ల మీదా, ఎంత చప్పుడు, నీళ్లు కావాలా, కరెంటు కావాలా, వెలుతురు తగ్గించాలా అన్నది నింపండి. వారంలో ఎన్నిసార్లు జరుగుతుందో కూడా వేయండి. ఏడాదికి ఒకసారి జరిగే వార్షికోత్సవం కోసం పెద్ద హాలు అడిగి, రోజూ జరిగే గ్రూపు పనికి చోటు లేకుండా చేసుకున్న బడులు తక్కువేమీ లేవు.

మన జిల్లాల్లో మరీ ముఖ్యంగా చూడాల్సింది ఒకే టీచరు రెండు మూడు తరగతులను నడిపే బడి. మూడో తరగతి ఒక గోడ వైపు, ఐదో తరగతి ఎదురు గోడ వైపు తిరిగి కూర్చుంటారు. టీచరు మధ్యలో నిలబడి అటొకసారి ఇటొకసారి తిరుగుతుంటారు. మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ వాళ్లు పల్లె బడుల కోసం తయారుచేసిన బహుళ తరగతి పద్ధతిలో పిల్లలు కార్డులు తీసుకుని, తమ మెట్టు ఎక్కడుందో చూసుకుని, గుంపులుగా కూర్చుని పని చేస్తారు. అలాంటి గదికి ముందు, వెనక అన్నవే ఉండవు. కార్డులు పిల్లల చేతికి అందే ఎత్తులో ఉండాలి, టీచరు నేల మీద పిల్లల మధ్య కూర్చోగలగాలి, నాలుగు గోడల మీదా రాసే చోటుండాలి. నేల నుంచి మూడడుగుల ఎత్తు వరకు గోడంతా నల్లరంగు పూయిస్తే ప్రతి గుంపుకూ ఒక బోర్డు దొరుకుతుంది. పెయింటు డబ్బాల ఖర్చుతో అయిపోయే పని.

2. గదిని గ్రౌండ్‌లో ముగ్గుతో గీసి చూడండి

కాగితం మీద గది ఎప్పుడూ పెద్దగానే కనిపిస్తుంది. పునాదికి ముగ్గు పోసే ముందే, అదే ముగ్గుపిండితో ఆటస్థలంలో అసలు కొలతకు గది గీయండి. పిల్లలను కూర్చోబెట్టండి, బల్లలు వేయండి. వరుసల్లో ఒకసారి, ఆరుగురి గుంపులుగా ఒకసారి, గుండ్రంగా ఒకసారి. టీచరు ప్రతి పిల్లవాడి దగ్గరికీ వెళ్లగలుగుతున్నారో లేదో నడిచి చూడమనండి. చక్రాల కుర్చీ దొరికితే అదీ తిప్పి చూడండి.

లెక్క ఇలా ఉంటుంది. 20 × 24 గది 480 చదరపు అడుగులు. నలభై మంది కూర్చుంటే తలకు 12 చదరపు అడుగులు వస్తుంది. వరుసలకు అది సరిపోతుంది కానీ గుంపులుగా తిప్పుకోవాలంటే మోకాళ్లు తగులుతాయి. గుంపు పనికి తలకు 18 చదరపు అడుగులు పెట్టుకోండి. విద్యాహక్కు చట్టం ప్రాథమిక స్థాయిలో టీచరుకు 30 మంది అంటుంది కాబట్టి 24 × 24 గది, అంటే 576 చదరపు అడుగులు, ముప్పై మందికి హాయిగా సరిపోతుంది. చదరంగా ఉన్న గదిలో ఏ గోడనైనా ముందు గోడగా పెట్టుకోవచ్చు. పొడవు గదిలో ఆ వీలుండదు.

3. నేల, నీళ్లు

నంద్యాల, కోవెలకుంట్ల, జమ్మలమడుగు వైపు, ఆలూరు ప్రాంతంలో చాలా చోట్ల నల్లరేగడి. వానకు ఉబ్బుతుంది, ఎండకు చెయ్యి దూరేంత బీటలిస్తుంది. అనంతపురం వైపు ఎక్కువగా ఎర్ర నేల, కొంత లోతులో గట్టి తగులుతుంది. నల్లరేగడిలో మామూలు పునాది వేస్తే ఐదారేళ్లకే గోడలు మూలలకు చీలతాయి. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ ఇలాంటి నేలల కోసమే అండర్-రీమ్డ్ పైల్స్‌ను అభివృద్ధి చేసింది. అడుగున గుబ్బలా వెడల్పయ్యే కాంక్రీటు గుంజలను కదలని లోతు వరకు దింపుతారు. మట్టి పరీక్ష చేయించి ఇంజినీరు చెప్పినట్టు వెళ్లండి, ఇక్కడ పొదుపు చూడకండి.

మార్పుకు వీలుగా కట్టడంతో దీనికి నేరుగా సంబంధం ఉంది. జరిపే తలుపులు, మడత గోడలు నేల మీది పట్టాల మీద నడిచేవైతే, రేగడి ఉబ్బి గచ్చు పావు అంగుళం లేచినా ఇరుక్కుపోతాయి. ఒక వానాకాలం ఇరుక్కుంటే ఇక వాటిని ఎవరూ ముట్టుకోరు. అందుకే ఇక్కడ మడత గోడల్ని పై బీముకే వేలాడదీయాలి, కింద గైడు మాత్రం ఉండాలి.

2009 అక్టోబర్‌లో తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు మునిగింది. 2021 నవంబర్‌లో చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి కింది ఊళ్లు కొట్టుకుపోయాయి. వాన తక్కువ సీమ కదా అని వంక పక్కన స్థలం తీసుకోకండి. ఊళ్లో పెద్దవాళ్లను అడిగితే నీళ్లు ఎక్కడి దాకా వచ్చాయో చూపిస్తారు. బేస్‌మెంట్ ఎత్తు దానికన్నా పైన ఉండాలి.

స్థలంలో భవనం ఏ వైపు పెరుగుతుందో ఇప్పుడే ఖాయం చేసుకుని, ఆ వైపు సెప్టిక్ ట్యాంకు, బోరు, నీళ్ల సంపు రాకుండా చూడండి. పై అంతస్తు తర్వాత వేద్దామని పిల్లర్ల కడ్డీలు ఆకాశానికి వదిలేయడం మనకు అలవాటు. పదేళ్లకు అవి తుప్పుపట్టి పొరలుగా ఊడొస్తాయి. వదలాల్సి వస్తే సిమెంటు పాలు పూసి, సిమెంటు తక్కువ కలిపిన పేద కాంక్రీటుతో కప్పేయండి.

4. ఎముకల గూడు: పిల్లర్లు, బీములు

అన్నిటికన్నా ఎక్కువ సమయం ఇక్కడ పెట్టండి. తర్వాత దిద్దుకోలేని పని ఇదొక్కటే.

శ్లాబు బరువు గోడల మీద పడితే ఆ గోడను ఎప్పటికీ తీయలేం. పిల్లర్లు, బీముల మీద పడితే మధ్య గోడ తెర లాంటిది, ఉంచినా తీసినా శ్లాబు నిలబడుతుంది. కాబట్టి భవనం పొడవునా 12 అడుగులకొక పిల్లర్ల వరుస, అడ్డంగా 24 అడుగులు ఖాళీ అని పెట్టుకోండి. అప్పుడు 12 అడుగుల చిన్న గది, 24 అడుగుల తరగతి, 36 అడుగుల ల్యాబు, 48 అడుగుల హాలు అన్నీ అవే పిల్లర్ల మధ్య కుదురుతాయి. రేపు పిల్లలు తగ్గితే రెండు గదులు కలిపి గ్రంథాలయం చేసుకోవచ్చు, పెరిగితే హాలును విడదీసుకోవచ్చు. 24 అడుగుల బీము సుమారు రెండడుగుల లోతు తీసుకుంటుంది. అందుకే శ్లాబు ఎత్తు 11 అడుగులకు తగ్గించొద్దు, 12 అయితే ఇంకా మంచిది. నడుమ పిల్లరు పెడితే ఖర్చు తగ్గుతుందని కాంట్రాక్టరు చెబుతాడు, అది నిజమే. కానీ గది నడుమ వచ్చిన పిల్లరు యాభై ఏళ్లూ పిల్లల చూపుకు అడ్డమే.

బరువు లెక్క సంగతి చాలామందికి తెలియదు. భవనాలు మోయాల్సిన బరువులను చెప్పే భారత ప్రమాణం (కోడ్) ఐఎస్ 875 ప్రకారం తరగతి గది శ్లాబును చదరపు మీటరుకు 3 కిలోన్యూటన్ల బరువుకు, అంటే దాదాపు 300 కిలోలకు లెక్కగడతారు. కుర్చీలు నేలకు బిగించని సమావేశ మందిరానికి 5, పుస్తకాల బీరువాలు వరుసగా పేర్చే గదికి 6 లేదా అంతకన్నా ఎక్కువ పట్టాలి. పై అంతస్తులో రెండు తరగతులు కలిపి సభ పెట్టుకోవాలనుకుంటే ఆ భాగాన్ని మొదటి రోజే 5కు లెక్కగట్టించాలి. తరగతి గదికి వేసిన శ్లాబు మీద పదేళ్ల తర్వాత సభలు, పుస్తకాల గుట్టలు పెట్టడం ప్రమాదం. కదిలే తేలిక గోడలకు విడిగా చదరపు మీటరుకు కనీసం 1 కిలోన్యూటన్ కలపమని కోడే చెబుతుంది. ఇటుక గోడ మాత్రం తేలిక గోడ కాదు. తొమ్మిది అంగుళాల మందం, పదడుగుల ఎత్తు గోడ ఒక్క అడుగు పొడవుకే దాదాపు 400 కిలోలు తూగుతుంది. అలాంటిది పై అంతస్తులో కింద బీము లేనిచోట లేపకూడదు.

ఇంజినీరుతో ఒక మాట స్పష్టంగా చెప్పండి: ‘ఈ మధ్య గోడలు రేపు ఉండకపోవచ్చు. వాటి సాయం లేకుండానే భూకంపం, గాలి లెక్కలు చూడండి.’ ఇది ముందే చెప్పకపోతే తర్వాత గోడలు తీసినప్పుడు, ముఖ్యంగా కింది అంతస్తులో అన్నీ తీసేసి పైన అలాగే ఉంచినప్పుడు, భవనం కింది భాగం బలహీనమవుతుంది.

మెట్లు, మరుగుదొడ్లు, నీళ్ల కుళాయిలు, ల్యాబు సింకులు భవనం ఒక చివరకు, అంతస్తు మీద అంతస్తు అదే చోట రావాలి. నడుమ వస్తే అటూ ఇటూ గదులను ఎప్పటికీ కలపలేం. మెట్ల వెడల్పు మీటరున్నరకు తగ్గకూడదు. ర్యాంపు వాలు 1:12, అంటే బేస్‌మెంట్ రెండడుగులైతే ర్యాంపు ఇరవై నాలుగు అడుగులు. ప్రతి గదికి రెండు తలుపులు, బయటికి తెరుచుకునేవి. 2004 జూలై 16న కుంభకోణం బడి అగ్నిప్రమాదంలో 94 మంది పిల్లలు పోయారు. గదులను మార్చుకునే ఏ ఆలోచనైనా బయటపడే దారిని మూయకూడదు. రేపు గోడ వేసి ఒక గదిని రెండు చేస్తే ఒక్కోదానికి సొంత దారి మిగులుతుందా అన్నది ప్లాన్ మీదే చూసుకోండి.

5. మధ్య గోడలు, చప్పుడు

1960లు, 70లలో అమెరికాలో, బ్రిటన్‌లో గోడల్లేని బడులు చాలా కట్టారు. కొత్త బోధనకు గోడలు అడ్డమని వాళ్ల నమ్మకం. తర్వాత వాటిలో చాలాచోట్ల మళ్లీ అడ్డుగోడలు లేపారు. ఒక ముఖ్య కారణం చప్పుడు. ఎక్కాలు వల్లెవేసే మన తరగతుల్లో అది ఇంకా ఎక్కువ. అందుకని ప్రతి గోడనూ కదిలే గోడ చేయమని నేను చెప్పను. నాలుగు గదుల బడిలో ఒక జంట మధ్య మాత్రం మడత గోడ పెట్టండి. మిగతా గదుల మధ్య ఏడడుగుల రెండు రెక్కల తలుపు చాలు. టీచర్లిద్దరు కలిసి పాఠం చెప్పాలనుకున్న రోజు అది తెరుస్తారు.

మడత గోడ కొనేటప్పుడు చూడాల్సింది దాని పైఅంచు. చాలాచోట్ల అది ఫాల్స్ సీలింగ్ దాకా వెళ్లి ఆగుతుంది, దాని పైన శ్లాబు దాకా ఖాళీ. పక్క గదిలో ఏడో ఎక్కం చెబుతుంటే ఆ ఖాళీలోంచి ఒక్కో అంకె స్పష్టంగా వినిపిస్తుంది. గోడ నేరుగా బీముకు తగలాలి, పలకలు కలిసేచోట రబ్బరు ఉండాలి, కింద బ్రష్షు సీలు ఉండాలి. ఒంటి ప్లైవుడ్ పలక చప్పుడును ఆపదు. రెండు పలకలు వేసి నడుమ రాక్‌వూల్, అంటే రాతితో చేసిన దూది లాంటి పీచు, నింపినది కావాలి. రోలింగ్ షట్టర్లు బడిలో ఎక్కడా వద్దు. తెరిచినప్పుడూ మూసినప్పుడూ బడంతా ఉలిక్కిపడుతుంది.

ఇంకో నిజం చెప్పాలి. ఏడాదిలో ఎక్కువ నెలలు మన కిటికీలు తెరిచే ఉంటాయి. ఒక గది చప్పుడు కిటికీలోంచి వరండాలోకి, అక్కడి నుంచి పక్క కిటికీలోకి వెళుతుంది. గోడ ఎంత మంచిదైనా దాన్ని ఆపలేదు. కాబట్టి చప్పుడు చేసే గదినీ, నిశ్శబ్దం కావాల్సిన గదినీ పక్కపక్కన పెట్టకండి. గ్రంథాలయానికీ సంగీతం గదికీ మధ్య స్టోరు రూమో మెట్లో రావాలి. పక్కపక్క గదుల కిటికీలను మధ్య గోడకు కనీసం నాలుగడుగుల దూరంలో ఆపండి.

గది లోపలి మోత వేరే సమస్య. నాపరాళ్ల గచ్చు, సిమెంటు గోడలు, కాంక్రీటు శ్లాబు, ఇవేవీ శబ్దాన్ని పీల్చుకోవు. అమెరికా ప్రమాణం తరగతి గదిలో శబ్దం చచ్చిపోయే సమయం 0.6 సెకను దాటకూడదంటుంది. ఖాళీ గదిలో గట్టిగా చప్పట్లు కొట్టి వినండి. ఆ మోత తోకలా సాగుతుంటే శ్లాబు అడుగున చెక్క ఊలు బోర్డులు గానీ కొబ్బరి పీచు బోర్డులు గానీ మూడో వంతు మేర బిగించండి. వెనక గోడకు గుడ్డ చుట్టిన మెత్తటి బోర్డు పెడితే పిల్లల పనులు అంటించుకోవడానికీ పనికొస్తుంది. వినికిడి తక్కువున్న పిల్లలకు ఈ ఒక్క పని చేసే మేలు ఇంకేదీ చేయదు.

6. ఎండ

మార్చి మధ్య నుంచి ఒంటిపూట బడులు పెట్టేది ఎండకు భయపడే. గది చల్లగా ఉంటేనే పిల్లలు గుంపులుగా కదులుతారు. లేకపోతే అందరూ ఫ్యాను కిందికి జరుగుతారు, మీరు వేసిన అమరికంతా అక్కడితో సరి.

భవనం పొడవు తూర్పు-పడమరలుగా, కిటికీలు ఉత్తర దక్షిణాలకు ఉండాలి. పడమటి చివర మెట్లు, స్టోరు, మరుగుదొడ్లు పెడితే సాయంత్రపు ఎండ అవి మోస్తాయి. కర్నూలు దాదాపు 15.8 డిగ్రీల అక్షాంశంలో, అనంతపురం, కడప 14.5 ప్రాంతంలో ఉన్నాయి. డిసెంబర్ చివర్లో మధ్యాహ్నం సూర్యుడు దక్షిణాన 51, 52 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. నాలుగడుగుల కిటికీకి ఆ ఎండ పూర్తిగా ఆగాలంటే సజ్జ మూడడుగుల పైన రావాలి. మామూలుగా వేసే అడుగున్నర సజ్జ చాలదు. ఎనిమిదడుగుల వరండాను దక్షిణం వైపే వేస్తే ఈ బాధ తీరుతుంది. ఉత్తరం వైపు ఎండ రాదనుకోవడం కూడా తప్పు. దాదాపు మే మొదటి వారం నుంచి ఆగస్టు రెండో వారం దాకా సూర్యుడు మధ్యాహ్నం మన నెత్తికి ఉత్తరంగా ఉంటాడు, కాబట్టి ఉత్తర కిటికీకి రెండడుగుల సజ్జ ఉండాలి.

కిటికీల వైశాల్యం గచ్చు వైశాల్యంలో ఐదో వంతుకు తగ్గకుండా, రెండు ఎదురు గోడల్లోనూ ఉండేలా చూడండి. వెలుతురు రెండు వైపుల నుంచీ వస్తే ఏ గోడనైనా బోర్డు గోడగా వాడుకోవచ్చు. ఐఎఫ్‌పీ తెర మీద మెరుపు పడకుండా మందపాటి ఖాదీ తెరలు చాలు.

కాంక్రీటు శ్లాబు పొద్దంతా వేడెక్కి మధ్యాహ్నం తర్వాత ఆ వేడిని గదిలోకి దింపుతుంది. మన పాత మట్టి మిద్దెల్లో దంతెల మీద చౌడు మట్టి మందంగా పరిచేవాళ్లు, లోపల చల్లగా ఉండేది. ఇప్పుడు శ్లాబు మీద తెల్ల పింగాణీ ముక్కల చైనా మొజాయిక్ వేయించడం అన్నిటికన్నా నమ్మకమైన పని. డబ్బు లేకపోతే ప్రతి ఫిబ్రవరిలో తెల్ల సున్నం కొట్టించండి. బోర్లించిన కుండల పొర మీద సున్నం కాంక్రీటు వేసే పద్ధతీ ఉంది కానీ, ఆ బరువు శ్లాబు మోస్తుందో లేదో ముందు ఇంజినీరును అడగాలి. సోలార్ పలకలు స్టాండు మీద ఎత్తులో పెడితే కరెంటుతో పాటు శ్లాబుకు నీడ కూడా వస్తుంది.

7. వరండా, కట్ట

వరండాను నడవడానికే అనుకుంటే ఐదడుగులు చాలు. ఎనిమిది పదడుగులు వేస్తే అది ఇంకో తరగతి గది. గుంపు పని, చదువుకునే మూల, వెనకబడిన పిల్లలకు విడిగా పాఠం, మధ్యాహ్న భోజనం అన్నీ అక్కడే జరుగుతాయి. కోడ్ నడవాలకూ బరువు ఎక్కువే పట్టమంటుంది కాబట్టి పై అంతస్తు వరండాను పల్చగా వేయనివ్వకండి. వరండా అంచున పదహారు అంగుళాల ఎత్తు అరుగు కట్టి పైన కడప బండ పరిస్తే కూర్చోవడానికి బెంచీలే అక్కర్లేదు. చేతులు కడిగే కుళాయిల వరుసను మాత్రం గది గుమ్మాల ఎదురుగా పెట్టకండి, తడి గచ్చు మీద పిల్లలు జారతారు.

ఆవరణలో వేప, కానుగ చెట్లుంటే వాటి చుట్టూ రచ్చకట్ట లాగా కట్ట కట్టించండి. ఒక చెట్టు కట్ట మీద ముప్పై మంది కూర్చుంటారు. చెట్టు మొదలుకు కనీసం మూడడుగుల మట్టి వదిలేయాలి, సిమెంటుతో మూసేస్తే చెట్టు చస్తుంది.

8. కరెంటు

గోడల్లో పూడ్చిన వైర్లు కదలవు. మధ్య గోడల్లో వైర్లు వేయనే వేయకండి. పిల్లర్లు, బయటి గోడల మీదుగా, కనిపించేలా కేసింగ్‌లో తీసుకెళ్లండి. నాలుగు గోడలకూ సాకెట్లు, తెర వచ్చే రెండు చోట్ల అదనపు పాయింట్లు. బీముల అడుగున 12 అడుగులకొక ఖాళీ పీవీసీ పైపు వదిలి, అందులో తాడు దూర్చి ఉంచండి. రేపు ఏ కేబుల్ వచ్చినా తాడు కట్టి లాగేసుకోవచ్చు. గదికొక ఎంసీబీ, అంటే కరెంటు ఎక్కువైతే దానంతటదే ఆగిపోయే స్విచ్చు, పెట్టాలి. లైట్లు, ఫ్యాన్ల స్విచ్చులను సగం గదికొకటిగా విడగొడితే గదిని రెండు చేసిన రోజు మళ్లీ వైరింగ్ చేయించే పని ఉండదు.

9. బల్లలు, గూళ్లు

భవనం ఎంత బాగా కట్టినా, ఇనుప ఫ్రేముతో కలిపి వెల్డింగ్ చేసిన బరువైన బెంచీలు వేస్తే గది బిగుసుకుపోయినట్టే. కొనే ముందు పెట్టాల్సిన పరీక్ష చిన్నది: ఆరో తరగతి ఆడపిల్లలిద్దరు ఆ బల్లను ఎత్తి గది అవతలికి మోయగలగాలి. మోయలేకపోతే వద్దు. కుర్చీ, బల్ల విడివిడిగా ఉండాలి. కుర్చీ ఎత్తు 1, 2 తరగతులకు సుమారు 30 సెంటీమీటర్లు, 3 నుంచి 5 దాకా 35, హైస్కూలుకు 38 నుంచి 43. కాళ్లకు రబ్బరు టోపీలు లేకపోతే జరిపినప్పుడల్లా నాపరాళ్ల మీద గీకుతుంది, టీచర్లు విసిగి జరపడమే మానేస్తారు.

చిన్న తరగతులకు బల్లలే వద్దు. బేతంచెర్ల, తాడిపత్రి నాపరాళ్లు బాగా నునుపు పట్టించి పరిస్తే పిల్లలు నేల మీదే కూర్చుని సుద్దముక్కతో రాస్తారు, తుడిస్తే పోతుంది. కింద చాపలు, ముందు పలక పెట్టుకునే చిన్న పీటలు ఉంటే చాలు.

సామాన్లు దాచే చోటు లేకపోవడమే చాలా గదుల్లో అసలు జబ్బు. పాత ప్యానెల్, విరిగిన కుర్చీలు, పాత రికార్డులు మూలల్లో పేరుకుని గదిలో నాలుగో వంతు పోతుంది. మన పాత ఇళ్లలో గోడ మందంలోనే గూళ్లు ఉండేవి. బయటి గోడల్లో కిటికీల కింద అలా గూళ్లు వదలండి. ప్రతి రెండు తరగతులకూ ఒక 12 అడుగుల గదిని స్టోరుకు, చిన్న గుంపు పనికి కలిపి పెట్టండి.

10. పాత భవనమే ఉంటే

చాలామందికి కొత్త భవనం రాదు, ఉన్నదాన్నే సర్దుకోవాలి. మొదట పిల్లర్లు ఉన్నాయా లేదా చూడండి. గోడ పైన శ్లాబు అడుగున బీము కనిపించకుండా శ్లాబు నేరుగా గోడ మీద కూర్చుని ఉంటే అది బరువు మోసే గోడ. రాతి గోడల పాత బడులన్నీ దాదాపు ఇంతే. దాన్ని మేస్త్రి మాట మీద కొట్టేయొద్దు. ఇంజినీరు చూసి, జాకీలు పెట్టి, పైన ఇనుప బీము ఎక్కించాకే తలుపు వెడల్పు పెంచాలి. ఆరేడు అడుగుల సందు తెరిస్తే రెండు గదులూ కలిసి పని చేస్తాయి, గోడంతా తీయాల్సిన పని లేదు.

గోడ ముట్టుకోకుండానే చాలా చేయొచ్చు. రెండో గోడకు ఇంకో బోర్డు, కిందంతా నల్లరంగు, బెంచీలు మార్చడం, పాత సామాను వేలం వేయడం, శ్లాబుకు తెల్ల సున్నం, వరండాకు అరుగు. వీటితో మొదలుపెట్టి ఒక ఏడాది వాడి చూశాక గోడల మాట ఆలోచించండి. ప్రైవేటు బడులవాళ్లు ఏ మార్పు చేసినా భవన దృఢత్వ ధ్రువపత్రం, ఫైర్ ఎన్ఓసీ మళ్లీ చూసుకోవాలి. గుర్తింపు రెన్యువల్‌కు అవి అడుగుతారు.

11. పని జరిగే రోజులు, దాచుకోవాల్సిన కాగితాలు

వేసవి సెలవులు మామూలుగా ఏప్రిల్ ఆఖరు నుంచి జూన్ రెండో వారం వరకే. ఆ ఎండలో కాంక్రీటు వేస్తే నీళ్లు పట్టడమే పెద్ద పని. కాంక్రీటు పనికి భారత ప్రమాణమైన ఐఎస్ 456 ఎండ, పొడి వాతావరణంలో కనీసం పది రోజులు తడిగా ఉంచమంటుంది. పద్నాలుగు రోజులు ఉంచితే ఇంకా మంచిది. బోర్లు ఎండే మే నెలలో ట్యాంకరు ముందే మాట్లాడుకుని, పిల్లర్లకు గోనె సంచులు చుట్టి తడపండి. వీలైతే కాంక్రీటు పనులు నవంబర్ నుంచి ఫిబ్రవరి మధ్య పూర్తిచేసి, వేసవికి గచ్చు, తలుపులు, రంగులు పెట్టుకోండి.

గోడలు పూత పూసేలోపే ప్రతి గోడకూ వైర్లు, పైపులు కనిపించేలా ఫోటోలు తీసి తేదీ వేయండి. ప్లాన్ మీద తీయకూడని గోడలకు ఎర్ర గీత, తీయగలిగే వాటికి పచ్చ గీత, ఏ శ్లాబు ఎంత బరువుకు వేశారో పక్కన అంకె. దాన్ని లామినేషన్ చేయించి హెచ్ఎం గదిలో తగిలించండి, ఒక కాపీ పంచాయతీ ఆఫీసులో, ఒకటి ఎంఈవో దగ్గర ఉంచండి. హెచ్ఎంలు బదిలీ అవుతారు, కమిటీలు మారతాయి. ఇరవై ఏళ్ల తర్వాత గోడ తీయాలనుకునే వాళ్లకు ఆ కాగితం లేకపోతే, తీయగలిగే గోడను కూడా భయపడి అలాగే ఉంచేస్తారు.